వెనక రేకు మీద అక్షరం

నేను ఒకే కంపెనీకి ఐదు ఉత్తరాలు రాశాను. ఐదూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసి వెనక్కి వచ్చిన కార్డులు ఐదూ ఇప్పటికీ మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. హైదరాబాదులో ఆ కంపెనీ బ్రాంచి ఆఫీసు రెండుసార్లు చోటు మారింది. ఇంజనీర్లు మారారు. చివరికి కంపెనీ ఆ హోమ్ థియేటర్ పెట్టెలు తయారుచేయడమే మానేసింది. నేను మాత్రం మారలేదు.

మూడేళ్ల కిందట మన మెకానిక్కుల సంఘం సంచికకి ఇదే విషయం రాసి పంపితే చోటు లేదన్నారు. ఆ సంచిక నేను తెప్పించుకుని చూశాను. చివరి పేజీలో సగం ఖాళీగా ఉంది. అదీ నాకు గుర్తుంది. ఈసారి వేస్తామని మాట ఇచ్చారు కాబట్టి మొదటినుంచీ రాస్తున్నాను. పేర్లు రాయను. ఎవరి గురించి రాస్తున్నానో వాళ్లకి తెలుస్తుంది.

రాజమండ్రి తాడితోటలో ఒక మేడ మీద మా సర్వీస్ సెంటర్ ఉండేది. రేడియోలు బాగుచేసే రోజుల్లో అక్కడ చేరాను. టేపురికార్డర్లు, టీవీలు, వీసీడీ ప్లేయర్లు దాటుకుంటూ హోమ్ థియేటర్ల దాకా వచ్చాను. రెండువేల మూడు, నాలుగు ప్రాంతంలో మా రెండు జిల్లాల్లోనూ వాటి మోజు చూడాలి. కొత్తగా ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లకీ హాల్లో నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు, ఎదురుగా ఒకటి, సోఫా పక్కన బేస్ పెట్టె ఉండాల్సిందే. రైసుమిల్లుల వాళ్లు, రొయ్యల చెరువుల వాళ్లు, కడియం నర్సరీల వాళ్లు పోటీపడి కొన్నారు. స్పీకరు ఎక్కడ ఉండాలో మేము చెప్పేవాళ్లం, వాళ్లు వినేవాళ్లు కాదు. ఒక రైతు వెనక స్పీకర్లు రెండూ గొడ్లచావిడిలో బిగించమన్నాడు. పాలు పితికేటప్పుడు పాటలు వినపడాలట. బిగించాం.

మేము సర్వీసు చేసే ఆ కంపెనీది ఒక మోడల్ బాగా అమ్ముడుపోయింది. పేరు ఒకటే, అట్టపెట్టె ఒకటే, రిమోటు ఒకటే. లోపల మాత్రం రెండు రకాలు. మొదటి ఏడాది వచ్చినవాటిలో ఒక బోర్డు, తర్వాత వచ్చినవాటిలో ఇంకో బోర్డు. కంపెనీ భాషలో రివిజన్ ఎ, రివిజన్ బి. మా భాషలో పాతది, కొత్తది. బోర్డు వేరైతే దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరూ వేరే. ఒకదానిది ఇంకోదానికి ఎక్కిస్తే పెట్టె చచ్చి ఊరుకుంటుంది. ఇక్కడ కంపెనీ చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, టీవీ తెర మీద సాఫ్ట్‌వేరు వెర్షన్ చూస్తే రెండు రకాలకీ ఒకే అంకె కనిపించేది. లోపల ఉన్నది పాతదో కొత్తదో తెలియాలంటే వెనక రేకు మీద అతికించిన స్టిక్కరులో సీరియల్ నంబరు చివరి అక్షరం చూడాలి. లేదా పైమూత మరలు నాలుగూ విప్పి బోర్డునే చూడాలి. ఇవి కాక మాకు తెలిసిన గుర్తు ఇంకోటి ఉంది. డిస్కు పెట్టే ట్రే పాతదానిలో కిర్రుమంటూ బయటికి వచ్చేది. కొత్తదానిలో చప్పుడు ఉండేది కాదు.

కడియంలో ఒక నర్సరీ ఆయన, ఆయన బావమరిది ఆరు నెలల తేడాలో ఇదే మోడల్ కొన్నారు. బావమరిది ఇంట్లో ట్రే చప్పుడు లేకుండా రావడం చూసి ఈయన తిన్నగా మా సెంటరుకి వచ్చి కూర్చున్నాడు.

"ఒకటే పేరు, ఒకటే రేటు. నాకు ఎడ్లబండి, వాడికి కారూనా అండి?" అన్నాడు.

 కంపెనీని అడగమన్నాను. అప్పటికే నాకు ఆ మాట అలవాటైపోయింది.

నాతో పనిచేసినవాళ్లలో ఒకతని గురించి చెప్పాలి. రోజూ ధవళేశ్వరం నుంచి సైకిలు మీద వచ్చేవాడు కాబట్టి అందరం అతన్ని ధవళేశ్వరం అనే పిలిచేవాళ్లం. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నెమ్మదైన చెయ్యి. మరలు విప్పితే, ఏ వరసలో విప్పాడో ఆ వరసలోనే పాత స్పీకరు అయస్కాంతం మీద పేర్చుకునేవాడు. తిరిగి బిగించేటప్పుడు ఒక్కటీ మిగిలేది కాదు, ఒక్కటీ తగ్గేది కాదు. ఆదివారం వాళ్ల చర్చిలో మైకు సెట్టు అతనే చూసేవాడు. ఆ మైకు గది తాళంచెవి, సైకిలు తాళంచెవి ఒకే రింగుకి ఉండేవి. "వారమంతా మీరు చెప్పింది నేను వింటానండి, ఆదివారం మాత్రం పాస్టరు గారి గొంతు నా వేలి కింద ఉంటుంది మాస్టారూ" అనేవాడు. అతను గొప్పగా చెప్పుకోగా నేను విన్నది అదొక్కటే.

ఇక రేకుల సంగతి. మీలో ఎండ ఊళ్లలో పనిచేసేవాళ్లకి ఇది అర్థం కాదు. మా వైపు కాలువగట్టు ఇళ్లు, ఉప్పుగాలి, వానాకాలం నాలుగు నెలలూ ఆరని గోడలు. రెండేళ్లు తిరక్కుండానే పెట్టె వెనక రేకు తుప్పుపట్టేది. స్పీకరు వైర్లు గుచ్చే సాకెట్లు రేకుతో సహా ఊడి చేతికి వచ్చేవి. కొత్త రేకు కావాలని కంపెనీకి రాస్తే ఆరు నెలలు. ఈలోపు ఇంటాయన మమ్మల్ని తిట్టేవాడు. మరోపక్క, పిడుగులకి బోర్డులు మాడిపోయి ఇక బాగుపడవని పక్కన పడేసిన కొత్త రకం పెట్టెలు మా స్టోరు గదిలో గుట్టగా ఉండేవి. వాటి రేకులు ఇంకా మెరుస్తూ ఉండేవి. ఆ రేకు విప్పి పాత పెట్టెకి బిగిస్తే అరగంట పని. గ్యారంటీ తీరిన పెట్టెలకే చేసేవాళ్లం. ఇది మొదలుపెట్టింది నేనే. జనం సంతోషించారు. ఓనరు గారు సంతోషించారు. నా తెలివికి నేనూ సంతోషించాను.

రేకుతో పాటు దాని స్టిక్కరూ వచ్చేసేది. లోపల ఎ, వెనక బి.

ఆ సంగతి నాకు తెలియదని కాదు. మొదట్లో రేకు లోపలివైపు అసలు అక్షరం మార్కరుతో రాసేవాణ్ణి. పని ఎక్కువయ్యాక అది మానేశాను. కంపెనీ మరలు నల్లవి, తుప్పుకి ఆగవు. నేను బజారులో తెల్లవి కొని వేసేవాణ్ణి. ఒక పెట్టె రేకు ఇంకో పెట్టెకి వేయకూడదని కంపెనీ రూలు కాబట్టి రిజిస్టర్లో "క్లీనింగ్" అని రాయించేవాణ్ణి. పెట్టె ఇంటినుంచి తెచ్చేది, తిరిగి ఇచ్చి వచ్చేది ధవళేశ్వరం. అందుకని సంతకం అతనిది.

"రేకు మార్చామనే రాద్దామండి మాస్టారూ, ఎప్పటికైనా మంచిది" అని ఒకసారి అన్నాడు.

"రాస్తే బ్రాంచివాళ్లు నా పీక మీద కూర్చుంటారు. క్లీనింగే రాయి" అన్నాను. రాశాడు.

కొన్నాళ్లకి ఆ మోడల్‌కి ఒక కొత్త జబ్బు మొదలైంది. కొత్తగా వచ్చే సినిమా డిస్కులు వేస్తే బొమ్మ ముందు, మాట వెనక. "నోరు మూశాక మాట వస్తోందండి" అని ఇంటింటినుంచీ ఫోన్లు. ఇది బోర్డు తప్పు కాదు, సాఫ్ట్‌వేరు తప్పు. కంపెనీ రెండు డిస్కులు పంపింది, ఎ రకానికి ఒకటి, బి రకానికి ఒకటి. ట్రేలో పెట్టి మీట నొక్కితే ఐదు నిమిషాల్లో కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కుతుంది. మధ్యలో కరెంటు పోకూడదు. వేరే రకం డిస్కు పెట్టకూడదు. పెడితే, ఇది నాది కాదని చెప్పే తెలివి ఆ పెట్టెకి లేదు. తీసుకుంటుంది, చస్తుంది. ఏ డిస్కు పెట్టాలో తెలుసుకోవడానికి వెనక స్టిక్కరు చూడండి అని సర్క్యులర్లో ఒక్క వాక్యం రాశారు.

ఆ వాక్యం చదవగానే నేను మార్చిన రేకులన్నీ గుర్తొచ్చాయి. అదే రోజు మొదటి ఉత్తరం రాశాను. స్టిక్కరు నమ్మదగినది కాదు, పైమూత తీసి బోర్డు చూడవలెనని సర్క్యులర్లో చేర్చగలరు అని. జవాబు లేదు. పదిహేను రోజులకి రెండోది. తర్వాత మూడోది, నాలుగోది. స్టిక్కరు ఎందుకు నమ్మదగినది కాదో ఆ నాలుగింటిలోనూ రాయలేదు.

సర్క్యులరు మారలేదు. ఈలోపు కడియంలో ఉచిత క్యాంపు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా పెట్టెలు తెచ్చుకుంటే కంపెనీ మనుషులే వచ్చి సాఫ్ట్‌వేరు ఎక్కిస్తారని ఆటోలో మైకు పెట్టి చెప్పించారు. ఒక కల్యాణమండపం తీసుకున్నారు. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా జనరేటరు పెట్టారు. జనం పెట్టెల్ని స్కూటర్ల మీద, ఆటోల్లో, మొక్కలు తోలే రిక్షాల్లో కుండీల మధ్య పెట్టుకుని తెచ్చారు. హైదరాబాదు నుంచి బ్రాంచి ఇంజనీరు వచ్చాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న.

"ఉత్తరాలు రాసేది మీరేనా? చేతిరాత బాగుందండి" అన్నాడు. అంతే. ఉత్తరంలో ఏముందో అడగలేదు. ఆయనకో కుర్చీ, డీలరుకో కుర్చీ వేశారు. నాకు వేయలేదు. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే పని నాకు పడేశారు. పాతికేళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి గుమ్మం దగ్గర పెట్టి, లోపల బల్ల దగ్గర ధవళేశ్వరాన్ని నిలబెట్టారు. నాకు మండింది. ఆ మంటలో, రేకులు మార్చిన పెట్టెలు వస్తే ఏం చేయాలన్నది అతనితో ముందే మాట్లాడుకోవాల్సింది కూడా మాట్లాడలేదు.

మొదటి పది, పన్నెండు పెట్టెలు బాగానే అయ్యాయి. తర్వాత వరసగా రెండు చచ్చాయి. తెర మీద అంకెలు సగం దాకా ఎక్కి ఆగాయి, పెట్టె ముందున్న దీపం ఆరిపోయింది. ఇంజనీరు జనరేటరు మనిషి మీద ఎగిరాడు. గోల విని నేను లోపలికి వెళ్లాను. అప్పటికి బల్ల మీద మూడోది ఉంది. పక్కన నర్సరీ ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ధవళేశ్వరం మీట నొక్కాడు. ట్రే కిర్రుమంటూ బయటికి వచ్చింది.

ఆ జనం గోలలో అది ఇంకెవరికీ వినపడి ఉండదు. నాకు వినపడింది. పెట్టె వెనకవైపు చూశాను. రేకు చుట్టూ తెల్ల మరలు. అతను వంగి స్టిక్కరు చదివి, ఇంజనీరుకి వినపడేలా "బి అండి" అన్నాడు. నేను వేరేగా ఏమీ చెప్పలేదు కాబట్టి సర్క్యులర్లో ఎలా చేయమన్నారో అలాగే చేశాడు. బి డిస్కు తీశాడు.

ఆపు అనాలి. నోరు తెరిచాను. ఆపు అంటే ఇంజనీరు ఎందుకు అంటాడు. ఎందుకో చెబితే రేకుల సంగతి చెప్పాలి. ఈ లెక్కంతా ఎంతసేపు పట్టిందో తెలియదు. డిస్కు లోపలికి వెళ్లిపోయింది. అంకెలు ఎక్కాయి, ఆగాయి, దీపం ఆరింది.

"నాది ఎడ్లబండి కదండి. కారు పెట్రోలు పోశారా ఏంటి?" అన్నాడు నర్సరీ ఆయన.

అప్పుడు ఇంజనీరు స్క్రూడ్రైవరు అడిగి పుచ్చుకుని, నా కళ్ల ముందే పైమూత తీశాడు. నేను నాలుగు ఉత్తరాల్లో బతిమాలిన పని అదే. లోపల ఎ బోర్డు. చచ్చిన మిగతా రెండూ విప్పాడు. అవీ ఎ. వెనక మాత్రం మూడింటికీ బి.

అతను తెలివైనవాడే. కాని అతనికి కనపడింది వేరు. కొత్త పెట్టెల్లో పాత బోర్డులు ఉన్నాయంటే, కొత్త బోర్డులు ఎవరో తీసి అమ్ముకున్నారని అర్థం. రిజిస్టరు తెప్పించాడు. మూడింటికీ ఆఖరి పని క్లీనింగ్. మూడు చోట్లా ఒకే సంతకం.

"ఈ మూడూ తీసుకెళ్లింది నువ్వేనా?"

"నేనేనండి."

"బోర్డులు ఎక్కడ అమ్మావు?"

 ధవళేశ్వరం మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"నేను బోర్డు ముట్టుకోలేదండి. ఏం జరిగిందో మాస్టారు చెప్తారండి."

అందరూ నావైపు తిరిగారు. అతను కూడా చూశాడు. నేను చెప్తానన్న నమ్మకంతోనే చూశాడు. అతనికి అంతా తెలుసు. రేకులు మార్చింది మాస్టారేనని అనడానికి అతనికి అర నిమిషం పట్టదు. అనలేదు. నేను చెప్పుకోవాల్సింది నాకే వదిలాడు.

"స్టిక్కరు చూడొద్దు, మూత తీసి చూడమని నాలుగు ఉత్తరాలు రాశానండి. ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు మీరు" అన్నాను నేను.

"ఉత్తరాల గొడవ తర్వాత. బోర్డుల సంగతి చెప్పండి."

"సర్క్యులరే తప్పండి. మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను."

ఇంజనీరు విసుగ్గా తల తిప్పుకున్నాడు. ధవళేశ్వరం ఇంకాసేపు నావైపే చూసి, తర్వాత బల్ల మీద డిస్కులు వాటి కవర్లలో సర్దడం మొదలుపెట్టాడు. నేను ఆ రోజు అన్న ప్రతి మాటా నిజమే. అక్కడ అడిగినదానికి మాత్రం ఒక్కటీ జవాబు కాదు.

మర్నాడు కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఆ మనిషిని తీసేయకపోతే సెంటరే తీసేస్తామని. అందులో దొంగతనం అన్న మాట స్పష్టంగా టైపు చేసి ఉంది. ఓనరు గారు ఆ కాగితం నా చేతికిచ్చి, నేనేమైనా అంటానేమోనని కాసేపు ఆగారు. రేకుల సంగతి ఆయనకీ తెలుసు. ఇద్దరం ఒకళ్లనొకళ్లు చూసుకుని ఊరుకున్నాం.

ధవళేశ్వరం ఆ రోజు సగం విప్పి ఉన్న ఒక పెట్టెని తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పక్కన అయస్కాంతం, దాని మీద మరలు వరసగా.

"పై వరస కుడినుంచి మొదలండి మాస్టారూ" అని చెప్పి వెళ్లిపోయాడు.

కడియంలో వందమంది ముందు అన్న మాట ధవళేశ్వరం ఊళ్లోకి చేరడానికి ఎంతసేపు? చర్చి పెద్దలు మర్యాదస్తులు, ఒక్క మాట అనలేదు. మైకు గదికి ఇంకో తాళంచెవి చేయించాలి, నీది ఒకసారి ఇస్తావా అని అడిగారట. ఇచ్చాడు. అది తిరిగి రాలేదు. ఈ సంగతి మా సెంటరు పక్క టీకొట్టులో ఎవరో చెబితే విన్నాను. ఏడాది తిరక్కుండా అతను ఊరు వదిలేశాడు.

నేను ఇంకో ఎనిమిదేళ్లు చేశాను. పదవీ విరమణ రోజున ఒక గోడ గడియారం ఇచ్చారు. అది వారం తిరిగేసరికి ఆగిపోయింది. గడియారం ఇచ్చినవాళ్లకి ఆ మాట చెప్పాను, వాళ్లూ పలకలేదు.

తర్వాత ఒకసారి మా ఆవిడతో పిఠాపురం కుక్కుటేశ్వరస్వామి దర్శనానికి వెళ్లాను. తిరిగి వస్తూ బజారులో చూస్తే చిన్న కొట్టు, బల్ల మీద మిక్సీలు, ఫ్యాన్లు. ఒక మనిషి తల వంచుకుని మరలు విప్పుతున్నాడు. విప్పినవి అయస్కాంతం మీద పేర్చుకుంటున్నాడు. మొహం చూడకుండానే పోల్చాను. దాటి వెళ్లిపోదామనుకున్నాను. మా ఆవిడే ఆగి పలకరించింది.

అతను లేచి తన స్టూలు నాకు వేశాడు. టీ తెప్పించాడు. పిల్లల గురించి, నా మోకాళ్ల గురించి అడిగాడు. జుట్టు తెల్లబడింది, చెయ్యి మాత్రం అలాగే ఉంది. నేను టీ తాగుతూ, ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. అతనే అడిగాడు.

"మీ ఉత్తరాలకి జవాబు వచ్చిందా మాస్టారూ?"

వెటకారం అనుకుందామంటే ఆ గొంతులో వెటకారం లేదు.

"రాలేదయ్యా."

"నాలుగే రాశారా, ఇంకా రాశారా?"

"నాలుగే."

తల ఊపాడు. మిక్సీ గిన్నె తిప్పి చూసుకుంటూ, "అయితే ఒకటి ఉండిపోయిందండి" అన్నాడు.

ఇంటికి వచ్చిన మూడో రోజున ఐదో ఉత్తరం రాశాను. రేకులు మార్చింది నేను. తెల్ల మరలు నావి. క్లీనింగ్ అని రాయించింది నేను. ఆ పెట్టెల్లో బోర్డులు అవి పుట్టినప్పటివే, ఎవరూ ఏదీ అమ్ముకోలేదు. రెండు పేజీలు పట్టింది. ఎవరి తప్పూ వెతకకుండా నేను రాసిన ఉత్తరం అదొక్కటే. అందినట్టు కార్డు వచ్చింది. సంతకం ఎవరిదో తెలియదు, కోడి గీకినట్టు ఉంది. జవాబు రాలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకి నేను చెప్పేది కొంచెమే. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు గాలిలోంచి వస్తున్నాయి, తమ బోర్డు ఏదో అవే పోల్చుకుంటున్నాయి. మంచిదే. అయినా ఎవరో అతికించిన అక్షరం చూసి లోపల ఏముందో చెప్పకండి. నాలుగు మరలే కదా, విప్పి చూడండి. మీరు రేకు మారిస్తే, మార్చామని రాయండి.

ఇక బ్రాంచి ఇంజనీరు గారూ, ఈ సంచిక మీ ఇంటికి కూడా పంపమని సంఘం వాళ్లకి చెప్పాను. మీ కొత్త చిరునామా సంపాదించడానికి నాకు ఏడు నెలలు పట్టింది. మొదటి నాలుగు ఉత్తరాలకీ జవాబు అక్కర్లేదు. కుర్చీ వేయని సంగతి కూడా అడగను, మర్చిపోయానని మాత్రం అనుకోకండి. ఐదోదానికి రాయండి. కారణం రాయకుండా నాలుగుసార్లు రాసినందుకు నన్ను ఏమన్నా అనండి, పడతాను. కాని ఆ కారణం మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే మీరు అతన్ని ఉంచేవారా? నాకు అది తెలియాలి. ఉంచేవాళ్లమైతే, బోర్డులు పోలేదు, ఆ మనిషి దొంగ కాదు అని మీ చేత్తో ఒక్క వాక్యం రాయండి. కవరు మీద నా పేరు వద్దు, అతని పేరు రాయండి. పిఠాపురం కొట్టు చిరునామా ఈ సంచికతో పాటు వేరే కాగితం మీద పెట్టాను.

ఎప్పుడు రాస్తారు?